కాపలాదారు కనిపిస్తే కాపలా ఉన్నట్టేనా? పి53ని పట్టే యాంటీబాడీల కథ

కణితి నుంచి తీసిన చిన్న ముక్కను మైనంలో పోసి గట్టిపరుస్తారు. దాన్ని వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు ఉండే పొరలుగా కోసి, ఒక పొరను గాజు స్లైడు మీద పరుస్తారు. దాని మీద యాంటీబాడీ, అంటే ఒక ఫలానా ప్రొటీన్‌ను వెతికి అంటుకునే మరో ప్రొటీన్, వేసి, కడిగి, రంగు తేలే రసాయనం పోస్తారు. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే క్యాన్సర్ కణాల కేంద్రకాలన్నీ ముదురు గోధుమ రంగులో కనిపిస్తాయి. పక్కనే ఉన్న మామూలు కణాలు మాత్రం చాలావరకు లేత నీలంగానే ఉంటాయి. ఆ గోధుమ రంగు పి53 అనే ప్రొటీన్ పోగుపడిన చోట వచ్చింది. పి53 ట్యూమర్ సప్రెసర్ ప్రొటీన్, అంటే కణితి పుట్టకుండా అణిచిపెట్టేది.

మొదటిసారి వినేవాళ్లు తికమకపడేది ఇక్కడే. అణిచిపెట్టే ప్రొటీన్ అంత దండిగా ఉంటే కణితి ఎలా పెరిగింది? ఆ రిపోర్టు చూసిన డాక్టర్ మొహం ఎందుకు చిన్నబోయింది? గోధుమ రంగు ఎక్కువ ఉంటే మంచిదే కావాలి కదా?

కాదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెత ఈ స్లైడుకు అతికినట్టు సరిపోతుంది. అక్కడ కనిపిస్తున్న పి53లో చాలా భాగం పనిచేయని పి53. పనిచేయదు కాబట్టే అంతగా పోగుపడింది. ఆరోగ్యంగా ఉన్న కణంలో పి53 ఇలా తయారై అలా మాయమవుతుంది. దాని సగం ఆయుష్షు, అంటే ఉన్నదాంట్లో సగం మాయమవడానికి పట్టే సమయం, దాదాపు 20 నిమిషాలే. ఎండీఎం2 అనే మరో ప్రొటీన్ దాన్ని వెంటాడి, చెత్తబుట్టకు పంపే ముద్ర వేస్తుంది. డీఎన్ఏ తెగినప్పుడో, కణానికి ఇంకేదైనా గట్టి దెబ్బ తగిలినప్పుడో ఆ పట్టు సడలి పి53 నిలబడుతుంది. కణ విభజన ఆపాలా, మరమ్మతు చేయాలా, మరమ్మతు కుదరకపోతే కణాన్నే చంపేయాలా అన్నది తేల్చే జన్యువులను నడిపిస్తుంది. అలా అది నడిపించే జన్యువుల్లో ఎండీఎం2 జన్యువు కూడా ఉంది. తనను చంపేదాన్ని తనే పుట్టిస్తుందన్నమాట. పి53 జన్యువులో మ్యుటేషన్, అంటే దాని అక్షరాల్లో మార్పు, వచ్చి ప్రొటీన్ చెడిపోతే ఈ చక్రం తెగిపోతుంది. కణితిలో చెడిన పి53 చంపేవాళ్లు లేక గుట్టలుగా పేరుకుంటుంది. మనకు గోధుమ రంగులో కనిపించేది ఆ గుట్ట.

కాబట్టి ఈ వ్యాసంలో అసలు ప్రశ్న ఒకటే. యాంటీబాడీ "ఉంది" అన్నప్పుడు, ఏది ఉందని చెబుతోంది?

పి53 బయటపడిందే యాంటీబాడీ పుణ్యమా అని. 1979లో కొన్ని ప్రయోగశాలలు విడివిడిగా దాన్ని గమనించాయి. బ్రిటన్‌లో డేవిడ్ లేన్, లయొనెల్ క్రాఫర్డ్, అమెరికాలో డేనియల్ లింజర్, ఆర్నాల్డ్ లెవిన్, అక్కడే లాయిడ్ ఓల్డ్ బృందం, ఫ్రాన్స్‌లో పియర్ మే బృందం. చాలామంది వెతుకుతున్నది పి53 కోసం కాదు. ఎస్‌వీ40 అనే వైరస్ కణాలను క్యాన్సర్ కణాల్లా ఎలా మారుస్తుందో తెలుసుకోవాలని, ఆ వైరస్ తయారుచేసే టీ యాంటిజెన్ అనే ప్రొటీన్‌ను యాంటీబాడీలతో పట్టి బయటికి లాగుతున్నారు. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, టీ యాంటిజెన్‌తో పాటు ఇంకో ప్రొటీన్ వచ్చింది. అది వైరస్‌ది కాదు, కణానిదే. ప్రొటీన్లను బరువును బట్టి వేరుచేసే జెల్ మీద దాని బరువు సుమారు 53 కిలోడాల్టన్లుగా (ప్రొటీన్ల బరువుకు వాడే కొలత) కనిపించింది. అందుకే పి53 అన్న పేరు.

ఆ 53 కూడా తప్పే అనుకోండి. ఈ ప్రొటీన్‌లో 393 అమైనో ఆమ్లాలు ఉన్నాయి, లెక్కగడితే బరువు 44 కిలోడాల్టన్లు కూడా రాదు. ప్రొలిన్ అనే అమైనో ఆమ్లం గుంపుగా ఉన్న భాగం వల్ల అది జెల్‌లో నెమ్మదిగా జరుగుతుంది, ఉన్నదానికంటే బరువుగా కనిపిస్తుంది. తప్పు తెలిసినా పేరు మారలేదు.

అంతకంటే పెద్ద పొరపాటు ఇంకొకటి జరిగింది. క్యాన్సర్ కణాల్లో యాంటీబాడీలకు ఈ ప్రొటీన్ బోలెడంత దొరికేది, మామూలు కణాల్లో దొరికేదే కాదు. అది చూసిన ఎవరికైనా ఏమనిపిస్తుంది? ఇదే క్యాన్సర్ తెచ్చేది అనే కదా. దాదాపు పదేళ్లు పి53ని ఆంకోజీన్‌గా, అంటే క్యాన్సర్‌ను పుట్టించే జన్యువుగా లెక్కేశారు. పైగా అప్పట్లో ప్రయోగాలకు వాడిన పి53 జన్యువు నకళ్లలో చాలావరకు మ్యుటేషన్ ఉన్నవే. వాటిని కణాల్లో పెడితే అవి నిజంగానే క్యాన్సర్ దారి పట్టేవి. 1989లో బెర్ట్ వోగెల్‌స్టీన్ బృందం పెద్దపేగు కణితుల్లో 17వ క్రోమోజోమ్ మీద ఒక పి53 నకలు ఊడిపోయి, మిగిలిన రెండోది చెడిపోయి ఉండడం చూసింది. అదే ఏడాది లెవిన్ బృందం, చెడిపోని పి53 కణాలను క్యాన్సర్ దారి పట్టకుండా ఆపుతుందని చూపించింది. నిందితుడు అనుకున్నవాడు కాపలాదారని తేలింది. 1992లో లేన్ దానికి "జీనోమ్ సంరక్షకుడు" అని పేరు పెట్టాడు. మానవ క్యాన్సర్లలో దాదాపు సగంలో ఈ జన్యువు చెడి ఉంటుందని ఇప్పుడు తెలుసు.

ఆ పదేళ్లలో యాంటీబాడీలు అబద్ధం చెప్పలేదు. పి53 ఉందన్నాయి, నిజంగానే ఉంది. ఉండడానికీ పనిచేయడానికీ ఉన్న తేడా మాత్రం వాటికి తెలియదు.

అసలు యాంటీబాడీకి ఏం కనిపిస్తుంది?

యాంటీబాడీ ప్రొటీన్ మొత్తాన్ని చూడదు. దాని పట్టు ఒక చిన్న ముక్క మీద, అంటే ఐదారు నుంచి పదిహేను అమైనో ఆమ్లాలంత జాగా మీద. దాన్నే ఎపిటోప్ అంటారు. జంతువు ఒంట్లోకి పి53ని ఎక్కిస్తే దాని రోగనిరోధక వ్యవస్థ ఆ ప్రొటీన్‌లో వేర్వేరు చోట్లను పట్టే రకరకాల యాంటీబాడీలను తయారుచేస్తుంది. రక్తం నుంచి వాటన్నిటినీ కలిపి తీస్తే అది పాలీక్లోనల్. ఒకే కణం సంతతి నుంచి వచ్చిన ఒకే రకం యాంటీబాడీని విడిగా పండించుకుంటే మోనోక్లోనల్. ఆ రెండో కిటుకును 1975లో జార్జ్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ కనిపెట్టారు. యాంటీబాడీని తయారుచేసే ఎలుక కణాన్ని, చావు లేకుండా పెరిగే మైలోమా క్యాన్సర్ కణంతో కలిపేశారు. 1984లో వాళ్లకు నీల్స్ జెర్న్‌తో పాటు నోబెల్ వచ్చింది.

పి53కి వచ్చిన మోనోక్లోనల్ యాంటీబాడీల్లో ల్యాబుల్లో ఎక్కువగా వినిపించే పేర్లు డీఓ-1, డీఓ-7. రెండూ ప్రొటీన్ మొదటి కొసలో, ఇరవయ్యో అమైనో ఆమ్లం చుట్టుపక్కల ఉన్న ఒకే ప్రాంతాన్ని పట్టుకుంటాయి. పీఏబీ1801 కూడా మొదటి కొసనే పట్టుకుంటుంది, కానీ ఇంకాస్త ముందుకు వెళ్లాక. పీఏబీ421 చివరి కొసను పట్టుకుంటుంది. మధ్యలో ఉన్నది డీఎన్ఏను పట్టుకునే భాగం. సుమారు నూరో అమైనో ఆమ్లం నుంచి మూడొందల దగ్గరి దాకా ఉండే ఈ భాగంలోనే మ్యుటేషన్లు ఎక్కువగా వస్తాయి. 175, 245, 248, 249, 273, 282 స్థానాలైతే మరీను.

ఈ లెక్క చూస్తేనే సగం సంగతి అర్థమైపోతుంది. మ్యుటేషన్ మధ్యలో ఉంది, డీఓ-7 చూసేది మొదటి కొసను. మధ్యలో ఏం చెడినా దానికి పట్టదు. అంటే డీఓ-7కి మంచి పి53, చెడిన పి53 రెండూ ఒకటే. స్లైడు మీద తేడా కనిపించడానికి కారణం యాంటీబాడీ తెలివి కాదు, చెడినది ఎక్కువ పేరుకోవడం. గుణాన్ని కొలుస్తున్నామనుకుని పరిమాణాన్ని కొలుస్తున్నాం. ఈ చిన్న మాటను రిపోర్టు చదివేవాళ్లకు ముందే చెప్పేస్తే చాలా అపోహలు తీరిపోతాయని నాకు అనిపిస్తుంది.

పట్టే చోటు చిన్నది కావడంతో వచ్చే చిక్కులు ఇంకా ఉన్నాయి. డీఓ-1 కూర్చునే చోటే ఎండీఎం2 కూడా కూర్చుంటుంది. 20వ స్థానంలో ఉన్న సెరిన్ అనే అమైనో ఆమ్లం మీద ఫాస్ఫేట్ చేరితే డీఓ-1 పట్టు జారిపోతుంది. ఆ ఫాస్ఫేట్ ఎప్పుడు చేరుతుంది? డీఎన్ఏ దెబ్బతిని పి53 మేల్కొన్నప్పుడు. అంటే ప్రొటీన్ పనిలోకి దిగిన ఘడియలోనే ఈ యాంటీబాడీకి కొంత మేర కనబడకుండా పోయే ప్రమాదం ఉంది. ఇక ఈ జన్యువు నుంచి పొట్టి రూపాలు కూడా పుడతాయి. ఒకటి 40వ అమైనో ఆమ్లం దగ్గర మొదలవుతుంది, ఇంకొకటి 133 దగ్గర. మొదటి కొసే లేని వాటిని డీఓ-1, డీఓ-7 ఎలా పడతాయి? పట్టవు. చివరి కొస మారిపోయిన రూపాలూ ఉన్నాయి, వాటిని పీఏబీ421 పట్టదు. "పి53 లేదు" అని రాసే ముందు "ఈ యాంటీబాడీ చూసే చోటు లేదు" అని మనసులో అనుకోవడం మంచిది.

పీఏబీ421 గురించి ఇంకో విచిత్రం ఉంది. అది చివరి కొసను పట్టుకుంటే, నిద్రాణంగా ఉన్న పి53 డీఎన్ఏను అంటుకునే శక్తి పెరుగుతుందని 1992లో లేన్ బృందం చూపించింది. జ్వరం చూద్దామని పెట్టిన థర్మామీటరే ఒళ్లు వేడెక్కించినట్టు! ప్రొటీన్‌ను గుర్తించడానికి మాత్రమే వాడితే ఫర్వాలేదు కానీ, దాని పనిని కొలిచే ప్రయోగంలో ఈ సంగతి మరిచిపోతే ఫలితం మనం కలిపిందే అవుతుంది.

ఆకారాన్ని చూసే యాంటీబాడీలు

ఇప్పటిదాకా చెప్పినవి వరసను చూసేవి. ప్రొటీన్ ఎలా మడతపడి ఉన్నా, వాటికి కావలసిన అమైనో ఆమ్లాల వరస దొరికితే చాలు. ఆకారాన్ని చూసేవి వేరే ఉన్నాయి. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే, ఎక్కువ మంది బోల్తాపడేదీ ఇక్కడే.

పీఏబీ1620 సరిగ్గా మడతపడిన పి53ని మాత్రమే పట్టుకుంటుంది. అది పట్టే చోటు వరసలో ఒకేచోట లేదు. దూరదూరంగా ఉన్న అమైనో ఆమ్లాలు ప్రొటీన్ మడతపడ్డాక ఒకచోటికి చేరి ఆ జాగాను తయారుచేస్తాయి. మడత విప్పితే ఆ జాగాయే ఉండదు. పీఏబీ240 సరిగ్గా దీనికి తిరగబడింది. అది పట్టే 212, 217 స్థానాల మధ్య ముక్క సరైన పి53లో లోపల దాగి ఉంటుంది. ప్రొటీన్ మడత వదులైతేనే బయటపడుతుంది. లేన్ బృందం 1990లో దీన్ని ప్రకటించినప్పుడు, చెడిన పి53ని మంచిదాని నుంచి వేరుచేసే సాధనం దొరికిందన్న ఉత్సాహం వచ్చింది. ఇప్పటికీ కొన్ని చోట్ల దీనికి "మ్యూటెంట్ పి53 యాంటీబాడీ" అనే పేరు తగిలిస్తుంటారు.

ఆ పేరు నమ్మి వెస్టర్న్ బ్లాట్ చేస్తే ఏమవుతుందో చూడండి. వెస్టర్న్ బ్లాట్‌లో మొదటి పనే ప్రొటీన్‌ను డిటర్జెంట్‌లో ఉడికించి మడతలన్నీ విప్పేయడం. ఆ తర్వాత జెల్‌లో బరువును బట్టి వేరుచేసి, పొర మీదికి ఎక్కించి, యాంటీబాడీ వేస్తారు. అది అంటుకున్న చోట గీత కనిపిస్తుంది. మడతలు విప్పాక దాగిన ముక్క అన్నిట్లోనూ బయటపడుతుంది. మంచి పి53 కూడా పీఏబీ240కి దొరుకుతుంది, చెడిందీ దొరుకుతుంది. పీఏబీ1620కి ఏదీ దొరకదు. అలాంటి బ్లాట్ మీద గీత చూపించి "మా కణాల్లో మ్యూటెంట్ పి53 ఉంది" అంటే, పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టే. ఫార్మలిన్‌లో నానబెట్టి, ఆపై వేడి చేసిన కణజాలం సంగతీ అంతే. ఆకారం గురించి అడగాలంటే ప్రొటీన్ ఆకారం చెడకుండా చూసుకోవాలి. అందుకే ఈ రెండు యాంటీబాడీలను ఇమ్యునోప్రెసిపిటేషన్‌లో, అంటే ప్రొటీన్‌ను ఉడికించకుండా సహజ స్థితిలోనే ద్రావణం నుంచి పట్టి లాగే పద్ధతిలో వాడతారు.

అలా వాడినా ఇంకో మెలిక ఉంది. మ్యుటేషన్లన్నీ ఆకారాన్ని చెడగొట్టవు. 175వ స్థానంలో ఆర్జినిన్ పోయి హిస్టిడిన్ వస్తే మడత చెదిరిపోతుంది. ఆ చుట్టుపక్కల జింక్ అయాన్ ఒకటి ప్రొటీన్‌ను బిగించి ఉంచుతుంది, ఈ మార్పుతో ఆ బిగింపు పోతుంది. పీఏబీ240 దీన్ని హాయిగా పట్టేస్తుంది. కానీ 273వ స్థానంలోని ఆర్జినిన్ పని వేరు, అది నేరుగా డీఎన్ఏను తాకే చెయ్యి లాంటిది. అది మారితే డీఎన్ఏ మీద పట్టు పోతుంది, ప్రొటీన్ ఆకారం మాత్రం చాలావరకు నిక్షేపంగా ఉంటుంది. పీఏబీ1620 దాన్ని చూసి "అంతా సవ్యంగానే ఉంది" అంటుంది. మరోవైపు, ఏ మ్యుటేషనూ లేని పి53 నుంచి జింక్‌ను లాగేస్తే అది మడత వదిలి పీఏబీ240కి చిక్కుతుంది. కాబట్టి పీఏబీ240 చెప్పేది "మడత విప్పుకుంది" అని. "మ్యుటేషన్ ఉంది" అన్నది మనం కలుపుకున్న మాట.

స్లైడు దగ్గరికి మళ్లీ వద్దాం

ఆసుపత్రి ల్యాబులో కణజాలాన్ని ఫార్మలిన్‌లో వేస్తారు. అది ప్రొటీన్లను ఒకదానికొకటి కుట్టేసి కుళ్లిపోకుండా ఆపుతుంది. ఆ కుట్ల కింద యాంటీబాడీకి కావలసిన చోటు మూసుకుపోతుంది కూడా. 1991లో ఒక బృందం, స్లైడును ద్రావణంలో ఉంచి మైక్రోవేవ్‌లో వేడి చేస్తే ఆ కుట్లు చాలావరకు విడిపోతాయని చూపించింది. యాంటిజెన్ రిట్రీవల్ అని పిలిచే ఈ పని వినడానికి వంటింటి చిట్కాలా ఉంటుంది కానీ, పాథాలజీని మార్చేసింది. ఎంతసేపు వేడి చేశారు, ద్రావణం ఆమ్లమా క్షారమా, యాంటీబాడీని ఎంత పలుచన చేశారు అన్నవాటి మీదే రంగు ముదురో లేతో తేలుతుంది.

ఒకప్పుడు పి53 స్లైడులను "పది శాతం కణాలకు రంగు వస్తే పాజిటివ్" లాంటి గీతలతో లెక్కేసేవారు. ఒక్కో పరిశోధన ఒక్కో గీత పెట్టుకుంది. ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. ఇప్పుడు పాథాలజిస్టులు పాజిటివ్, నెగెటివ్ అనడం మానేసి తీరును చూస్తున్నారు. ముఖ్యంగా అండాశయం, గర్భసంచి లోపొర క్యాన్సర్లలో ఈ పద్ధతి బాగా స్థిరపడింది.

మ్యుటేషన్ లేని కణితిలో రంగు చుక్కలు చుక్కలుగా, కొన్ని కేంద్రకాల్లో ముదురుగా, కొన్నింట్లో లేతగా, కొన్నింట్లో అసలు లేకుండా ఉంటుంది. ఏ కణం ఏ స్థితిలో ఉంటే అలా. దాదాపు అన్ని క్యాన్సర్ కణాల కేంద్రకాలూ (సాధారణంగా 80 శాతం లేదా అంతకు పైగా) ఒకే రకంగా ముదురుగా ఉంటే, ఒక అమైనో ఆమ్లం మారే రకం మ్యుటేషన్ వచ్చి ప్రొటీన్ పేరుకుందని అర్థం. రంగు కేంద్రకం బయట, కణద్రవంలో పరుచుకుని ఉంటే, కేంద్రకంలోకి వెళ్లే చిరునామా రాసున్న భాగం చెడిపోయిందని అనుమానించాలి. ఇది అరుదు.

నాలుగోదే అసలైన పరీక్ష. క్యాన్సర్ కణాల్లో ఒక్కదానికీ రంగు లేదు. పాత పద్ధతిలో ఇది "నెగెటివ్", కాబట్టి ఊరట. కొత్త పద్ధతిలో ఇది కూడా చెడు వార్తే. జన్యువు మధ్యలో ఆపు గుర్తు పడో, అక్షరాల వరస జరిగిపోయో ప్రొటీన్ తయారే కాలేదని అర్థం. కాపలాదారు చెడిపోలేదు, అసలు లేడు. మితిమీరిన రంగు, పూర్తిగా లేని రంగు రెండూ ఒకే జబ్బును చెబుతాయి, మధ్యలో కలగాపులగంగా ఉన్నదే ఆరోగ్యకరం అన్నది చాలామందికి ఓ పట్టాన మింగుడుపడదు.

అయితే రంగు లేకపోవడానికి ఇంకో మామూలు కారణం కూడా ఉండొచ్చు. పరీక్షే పనిచేయకపోయి ఉండొచ్చు. యాంటీబాడీ పాతబడిందేమో, వేడి చాల్లేదేమో, ఆ ముక్క ఫార్మలిన్‌లో ఆలస్యంగా పడిందేమో. రెంటినీ ఎలా విడదీయాలి? అదే స్లైడులో క్యాన్సర్ కణాల మధ్య చిక్కుకున్న మామూలు కణాలను, అంటే రక్తనాళాల గోడల కణాలు, లింఫోసైట్లు, చుట్టూ ఉన్న ఫైబ్రోబ్లాస్టులను చూడాలి. వాటిలో అక్కడక్కడా లేత గోధుమ రంగు కనిపిస్తే పరీక్ష పనిచేసింది, క్యాన్సర్ కణాల్లోని శూన్యం నిజం. వాటిలోనూ లేకపోతే ఆ స్లైడు దేనికీ సాక్ష్యం కాదు, మళ్లీ చేయాలి. వేరే స్లైడు మీద పెట్టిన కంట్రోల్ (పరీక్ష పనిచేసిందో లేదో పోల్చి చూసే నమూనా) కంటే ఆ కణజాలంలోనే దొరికే ఈ కంట్రోల్ ఎంతో నమ్మకమైనది, ఎందుకంటే క్యాన్సర్ కణం పడ్డ పాట్లన్నీ అదీ పడింది.

అండాశయంలో వచ్చే హై గ్రేడ్ సీరస్ క్యాన్సర్లలో 95 శాతానికి పైగా ఈ జన్యువు చెడి ఉంటుంది. కాబట్టి ఆ రకం క్యాన్సర్ అనుకున్న చోట పి53 రంగు మామూలుగా, చుక్కలుగా ఉంటే, పాథాలజిస్టు ముందు తన నిర్ధారణనే అనుమానించాలి. గర్భసంచి లోపొర క్యాన్సర్లలో పి53 తీరు తేడాగా ఉన్నవి మొండిగా ప్రవర్తిస్తాయి, చికిత్స నిర్ణయంలో ఆ సమాచారాన్ని ఇప్పుడు లెక్కలోకి తీసుకుంటున్నారు. అంతటి నిర్ణయం ఒక గోధుమ రంగు మీద ఆధారపడి ఉంది. రంగు తీరు మామూలుగా ఉన్నంత మాత్రాన జన్యువు బాగున్నట్టు నూటికి నూరు శాతం కాదు కూడా. కొన్ని మ్యుటేషన్లు ఈ జల్లెడలోంచి జారిపోతాయి. అనుమానం ఉంటే జన్యువును చదివించడమే దారి.

జన్యువు బాగున్నా పి53 పనిచేయని సందర్భాలూ ఉన్నాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ ఈ6 అనే ప్రొటీన్‌తో పి53ని చెత్తబుట్టకు తోయిస్తుంది. ల్యాబుల్లో ప్రసిద్ధమైన హీలా కణాల కథ ఇదే. వాటి పి53 జన్యువులో మ్యుటేషన్ లేదు, ప్రొటీన్ మాత్రం నిలవదు. కొన్ని కణితుల్లో ఎండీఎం2 జన్యువు నకళ్లు విపరీతంగా పెరిగి అదే పని చేస్తాయి. ఇటువంటి చోట పి53 యాంటీబాడీ ఒక్కదాన్నే అడిగితే జవాబు రాదు.

యాంటీబాడీనే పరీక్షించడం

సీసా మీద "పి53" అని రాసి ఉన్నంత మాత్రాన లోపలున్నది పి53నే పడుతుందని నమ్మకూడదు. పి53కి పి63, పి73 అని ఇద్దరు చుట్టాలు ఉన్నారు. డీఎన్ఏను పట్టుకునే భాగంలో ముగ్గురికీ పోలిక ఎక్కువ. ఆ భాగం మీద తయారుచేసిన యాంటీబాడీ చుట్టాలనూ పట్టవచ్చు. దీన్ని తేల్చడానికి పి53 అసలే లేని కణాలు కావాలి. అదృష్టం కొద్దీ ఇవి ఎప్పటినుంచో ఉన్నాయి. ఊపిరితిత్తి క్యాన్సర్ నుంచి వచ్చిన హెచ్1299, ఎముక క్యాన్సర్ నుంచి వచ్చిన సావోస్-2 కణాల్లో పి53 లేదు. వోగెల్‌స్టీన్ ప్రయోగశాల 1998లో హెచ్‌సీటీ116 అనే పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో పి53 జన్యువును తీసేసి, అన్ని విధాలా ఒకేలా ఉండే జంటను తయారుచేసింది. ఒకదాంట్లో గీత వచ్చి, రెండోదాంట్లో రాకపోతేనే ఆ యాంటీబాడీని నమ్మాలి. రెంటిలోనూ గీత వస్తే, అది పట్టేది ఇంకేదో.

ఉన్నట్టు తెలిసిన కణాలూ పక్కన పెట్టుకోవాలి. ఎంసీఎఫ్-7 రొమ్ము క్యాన్సర్ కణాల్లో పి53 మంచిదే, కాబట్టి డీఎన్ఏను దెబ్బతీసే డాక్సోరుబిసిన్ వేస్తే గీత చిక్కబడాలి. ఎస్‌కే-బీఆర్-3 కణాల్లో 175వ స్థానం చెడినది ఉంటుంది, అక్కడ ఏ మందూ వేయకుండానే గీత దట్టంగా వస్తుంది.

ఎలుకల మీద పనిచేసేవాళ్లు తరచూ తినే దెబ్బ ఒకటుంది. డీఓ-1, డీఓ-7 మనిషి పి53ని పడతాయి కానీ ఎలుక పి53ని పట్టవు. ఎలుక కణితి మీద డీఓ-7 వేసి ఏమీ కనిపించలేదని రాస్తే, అది ముందే తెలిసిన జవాబు. పీఏబీ421, పీఏబీ240 రెండు జాతుల పి53నీ పడతాయి. కానీ ఇవి ఎలుకలో పుట్టిన యాంటీబాడీలు కాబట్టి ఇంకో తలనొప్పి మొదలవుతుంది. వాటిని చూపించడానికి వేసే రెండో యాంటీబాడీ, ఎలుక కణజాలంలో సహజంగా ఉండే ఎలుక యాంటీబాడీలన్నిటినీ కూడా అంటుకుని స్లైడంతా గోధుమ రంగు పూసేస్తుంది. కుందేలులో తయారైన యాంటీబాడీతో ఈ బాధ ఉండదు.

ఈ ఇబ్బంది పి53 ఒక్కదానిది కాదు. 2015లో వందకు పైగా శాస్త్రవేత్తలు, జన్యు వరస తెలిసిన రీకాంబినెంట్ యాంటీబాడీలకు మారాలని బహిరంగంగా కోరారు. పాలీక్లోనల్ అయితే ఆ జంతువు చనిపోయాక అలాంటిది మళ్లీ దొరకదు, మోనోక్లోనల్‌ను పండించే హైబ్రిడోమా కణాలు (కోలర్, మిల్‌స్టీన్ చేసినట్టు మైలోమాతో కలిపినవి) కూడా కాలం గడిచేకొద్దీ మారిపోవచ్చు. వరస తెలిస్తే ఎప్పుడైనా అదే యాంటీబాడీని మళ్లీ తయారుచేసుకోవచ్చు. 2023లో ఒక బృందం నాడీ వ్యవస్థకు సంబంధించిన 65 ప్రొటీన్లకు మార్కెట్లో దొరికే 614 యాంటీబాడీలను జన్యువు తీసేసిన కణాలతో పోల్చి పరీక్షించింది. సగానికి పైగా ఏదో ఒక పరీక్షలో తప్పాయి. రీకాంబినెంట్‌లు మిగతా వాటికంటే మెరుగ్గా నిలిచాయి. పి53 ఆ జాబితాలో లేదు. ముప్పై ఏళ్లకు పైగా వేల మంది చేతుల్లో నలిగిన డీఓ-7 లాంటిది ఆ సగటు కంటే చాలా మెరుగు. కానీ మనం తెప్పించుకున్న సీసా, మన చేతిలో, మన కణజాలం మీద ఎలా నడుస్తుందన్నది డీఓ-7 పేరు ప్రతిష్ఠలు చెప్పవు.

చివరగా, ఏ కంపెనీ తయారుచేయని పి53 యాంటీబాడీలు కూడా ఉన్నాయి. 1982లో క్రాఫర్డ్, సహచరులు రొమ్ము క్యాన్సర్ రోగుల రక్తంలో సుమారు 9 శాతం మందికి పి53ని పట్టే యాంటీబాడీలు ఉన్నాయని గుర్తించారు. ఎవరూ టీకా వేయలేదు. కణితిలో గుట్టగా పేరుకున్న ప్రొటీన్‌ను చూసి రోగి ఒళ్లే వాటిని తయారుచేసుకుంది. తర్వాత అవి పట్టే చోట్లు ఎక్కడున్నాయని వెతికితే, మ్యుటేషన్ వచ్చే మధ్య భాగంలో తక్కువే ఉన్నాయి. ఎక్కువ భాగం మొదటి కొసలో, కొంత చివరి కొసలో. ల్యాబులో ఎలుకలు ఎంచుకున్న చోట్లే మనుషుల ఒళ్లూ ఎంచుకుంది. కాబట్టి ఆ యాంటీబాడీలకు కూడా డీఓ-7 లాగే మంచి పి53కీ చెడిన పి53కీ తేడా తెలియదు.